ఆ దినం అయిపోయింది తమ్మీ

మా మేనత్త పోయిన ఆదివారం పొద్దున చనిపోయింది. నేను నర్సుగా పనిచేసే దవాఖానలోనే, పక్క వార్డులో. కబురు తెచ్చిన తోటి సిస్టర్ "మీ అత్తమ్మ..." అని ఆగిపోయింది. అప్పుడు నేనొక పెద్దాయనకు సెలైన్ మారుస్తున్నాను. అది సరిగ్గా ఎక్కుతోందో లేదో చూసి, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే వెళ్లాను. పని సగంలో వదిలి పరుగెత్తుకొస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

ఆమె మా బాపుకు అక్క. పెళ్లి చేసుకోలేదు. గోదావరిఖనిలో ఒక బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైంది. ఆదివారాలు మా చర్చి సంఘంలో సండే స్కూలు నడిపేది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. కూరలో కారం ఎంత వేసేదంటే, ఆమె ఇంట్లో భోజనం చేసి ముక్కు తుడుచుకోకుండా లేచినవాళ్లు లేరు. ఎవరు ఏ మాట చెప్పినా ఆమె అడిగే ప్రశ్నలు రెండే. "ఎవరితోని అన్నరు? ఎప్పుడు అన్నరు?" ఉల్లిగడ్డ ధర పెరుగుతుందట అన్న కూరగాయలామెను కూడా ఇదే అడిగేది. పాపం ఆమె విసుక్కుని, "నాకేం ఎరుక టీచరమ్మా, తీస్కుంటె తీస్కో" అనేది.

బైబిల్‌ను కూడా ఆమె అట్లాగే చదివింది. యేసు శిష్యులతో యెరూషలేము దేవాలయం కూలిపోతుందని, గొప్ప శ్రమలు వస్తాయని చెప్పిన మాటలు రేపో మాపో జరగబోయే ప్రపంచాంతం గురించి కాదని ఆమె నమ్మకం. ఆ మాటలు విన్న తరం బతికుండగానే రోమా సైన్యం యెరూషలేమును ముట్టడించింది, దేవాలయాన్ని తగలబెట్టింది. చెప్పింది జరిగిపోయింది. మాకు ఈ పాఠం చెప్పడానికి వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఊరి గోడలు, కొండలు గీసేది. బొగ్గు ముక్కలు రోమా సైనికులు. పిల్లలందరం సైనికులమే అవుతామనేవాళ్లం. "లోపల ఆకలితోని ఉన్నోళ్ల దిక్కు ఎవరు లేరా?" అని అడిగేది. అప్పుడు నవ్వు ఆగిపోయేది.

నా ఇంటర్ అయిపోయిన ఏడాది బొగ్గు గనిలో బాపు పనిచేసే చోట పైకప్పు రాయి ఊడిపడింది. బాపు బయటికి వచ్చాడు. ఆయన జతగాడు రాలేదు. ఆ తర్వాత బాపు డ్యూటీకి పోతున్నాడన్న మాటే గానీ మనిషి మనిషిలా లేడు. అప్పుడే ఊళ్లో చర్చివాళ్లు ఉజ్జీవ కూటాలని ప్రార్థన సభలు పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు యుద్ధాలు, భూకంపాలు ఒక్కొక్కటే చెప్పి, అంతం తలుపు దగ్గరే ఉందన్నాడు. బాపు ప్రతి కూటానికీ వెళ్లాడు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కురుస్తున్న వంటింటి కప్పు బాగుచేయించమని అమ్మ అడిగితే, "ఇంకెన్ని రోజులుంటం దీంట్ల?" అన్నాడు. నాకు నర్సింగ్‌లో సీటు వచ్చింది. వెళ్లొద్దన్నాడు.

"అంతం దగ్గర పడ్డది బిడ్డా. చదువుకొని ఏం జేస్తవ్? ఇంట్లనే ఉండు, అందరం ఒక్కకాడ ఉందాం."

నేను ఏడుస్తూ మేనత్త దగ్గరికి పోయాను. ఆమె అన్నం తింటోంది. కంచంలోనే చెయ్యి కడుక్కుని నాతో వచ్చేసింది.

బాపుతో ఆమె మొదట వాదనే పెట్టుకుంది.

"ఎవరితోని అన్నడు తమ్మీ యేసు ఆ మాట?"

"లోకానికి."

"లోకానికా? యూదయ దేశంల ఉన్నోళ్లు కొండలకు ఉరకాలె అన్నడు. చలికాలంల రాకుంట ప్రార్థన చెయ్యుమన్నడు. లోకం మొత్తం మునుగుతుంటే కొండలెక్కి ఏం జేస్తరు? చలికాలమైతేంది, ఎండకాలమైతేంది? గది ఒక ఊరికి జెప్పిన మాట. ఈ తరం పోకముందే ఐతది అన్నడు. గనిల సర్దార్ వచ్చి, ఈ షిఫ్టోళ్లందరు జల్ది బయటికి రాన్రి అంటె, మీ మనుమల షిఫ్టుకు జెప్పినట్టా?"

"మరి ఈ భూకంపాలు? మొన్న గోడలు అదరలేదా?" అన్నాడు బాపు.

"అది ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ రా! రోజూ అదే యాల్లకు ఐతది."

అమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు నవ్వలేదు. తల ఎత్తి కప్పు వైపే చూస్తున్నాడు. మేనత్త ఆ చూపును గమనించింది. పాఠం చెప్పే గొంతు ఒక్కసారిగా పోయింది. వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"తమ్మీ, నువ్వు భయపడేది రేపటికి గాదు. నీకు ఆ దినం అయిపోయింది. రాయి పడ్డనాడే అయిపోయింది. నువ్వు బయటికొచ్చినవ్ రా."

బాపు అప్పటిదాకా ఏడవలేదు, జతగాడి అంత్యక్రియల్లో కూడా. ఆ పూట అక్క భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "వాడు నన్ను పిలిచిండక్కా. నాకు ఇనబడ్డది," అన్నాడు. మేనత్త ఏ బైబిల్ వాక్యమూ చెప్పలేదు. వీపు నిమురుతూనే ఉంది. చాలాసేపటికి అంది.

"యెరూషలేం కాలిపోయింది. బతికినోళ్లు తెల్లారి లేచిన్రు. నీళ్లు తోడుకున్నరు, పిల్లలకు రొట్టెలు కాల్చిన్రు. గుండెల దుఃఖం పెట్టుకొనే కాల్చి ఉంటరు. నువ్వు గూడ లే. పిల్లను పంపియ్యి."

వెంటనే ఏమీ మారలేదు. ఆ వారమంతా ఆమె రోజూ వచ్చి బాపుతో చాయ్ తాగింది, అంతే. చివరికి నా పెట్టె మోసుకుని బస్టాండుకు వచ్చింది బాపే. వంటింటి కప్పు మాత్రం ఆ వానాకాలమంతా కురిసింది.

ఆమె చెప్పిన మాట సంఘంలో పాకింది. పెద్దలు కూర్చున్నారు. అంత్యదినాలు అయిపోయాయని పిల్లలకు చెప్పేవారి చేతిలో సండే స్కూలు ఉండకూడదన్నారు. పాస్టర్‌గారు స్వయంగా ఇంటికి వచ్చి చెప్పారు.

"టీచరమ్మా, ఆశ తీసేస్తే జనం దేన్ని పట్టుకుంటరు?"

"ఆశ తీసెయ్యలేదు అయ్యగారూ. ఆయన వస్తడనే నేను గూడ నమ్ముత. ఎప్పుడో నాకు తెల్వదు, మీకూ తెల్వదు. పిల్లలను భయపెట్టొద్దు అంటున్న, గంతే."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయారు. ఆమె బాధపడింది. ఆదివారం పొద్దున తయారై, క్లాసు లేదని గుర్తొచ్చి మంచం మీద కూర్చుండిపోవడం చూశానని అమ్మ చెప్పింది. అయినా చర్చి మానలేదు. ఆడవాళ్ల వరసలో వెనక కూర్చుని అందరికన్నా గట్టిగా, అందరికన్నా శ్రుతి తప్పి పాడేది. పాస్టర్‌గారికి జ్వరమొస్తే మిరియాల చారు పంపింది. అందులో కూడా కారం వేసిందని ఆయన తర్వాత అందరికీ చెప్పుకున్నారు.

నెల కిందట ఆమెను మా దవాఖానలో చేర్చాక, పాస్టర్‌గారు తరచుగా చూడ్డానికి వచ్చేవారు. ఇద్దరూ మళ్లీ అదే వాదన మొదలుపెట్టేవాళ్లు. ఒకరోజు నేను మందులిస్తుండగా ఆమె ఆయనతో, "ఆ శ్రమలు అయినంక సూర్యుడు చీకటైతడు అన్న మాట ఉన్నది సూడున్రి, అది నాకు ఇప్పటికీ సరిగ్గ కుదర్తలేదు," అంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాకూ కుదర్లేదమ్మా," అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. అంత సంతోషంగా ఓడిపోయినవాళ్లను నేను మరెక్కడా చూడలేదు.

నా ఉద్యోగం, నా చేతి పని, నేను కట్టుకట్టి ఇంటికి పంపిన మనుషులు, ఇదంతా ఆమె అన్నం మధ్యలో లేచి రావడం వల్ల నాకు దక్కింది. ఆమెకు ఆ మాట చెబితే, "సదివింది నువ్వు గదనే," అని కొట్టిపారేసేది.

సమాధి దగ్గర పాస్టర్‌గారు ప్రార్థన చేశారు. పెట్టె దించాక అందరూ తలో పిడికెడు మన్ను వేశారు. ఎండకు మన్ను గడ్డలు కట్టి ఉంది. పార పట్టుకున్నవాళ్లు తొందరపడుతుంటే, బాపు మోకాళ్ల నొప్పితోనే కిందికి ఒంగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగున్రి. గడ్డలు పడొద్దు."

ఒక్కొక్క గడ్డనూ రెండు అరచేతుల మధ్య నలిపి, పొడి చేసి, చప్పుడు కాకుండా అక్క మీదికి జారవిడిచాడు. ఎవరూ ఆయన్ను తొందరపెట్టలేదు.