రేవతి చేసిన డబ్బా

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. బరువు అన్నానని జాలిపడకండి. మోసేవాడు కూలివాడైతే జాలిపడాలి, దొంగైతే ఎందుకు?

తిరుపతిలో బస్టాండు వెనక సందులో ఒక రిపేరు షాపులో పనిచేసేవాణ్ని. టీవీలు, మిక్సీలు, మైకుసెట్లు, ఏది వస్తే అది. అక్కడ నేనే సీనియర్ని. ఆ మాట ఎంత పొగరుగా చెప్పుకునేవాణ్నో తలచుకుంటే ఇప్పుడు వెగటు పుడుతుంది. కొన్నాళ్లకు రేవతి పనిలో చేరింది. సత్యవేడు అమ్మాయి. ఐటీఐ చదివి, తిరుపతిలోనే హాస్టల్లో ఉండేది. తక్కువ మాట్లాడేది. నన్ను అన్నా అని పిలిచేది.

సీసం కరిగించి అతుకులు వేసే మా సాల్డరింగ్ ఐరన్లు మామూలువి. ప్లగ్గు పెడితే కాలుతూనే ఉంటాయి. పాత సర్క్యూట్ బోర్డుల మీద రాగి గీతలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. వేడి ఎక్కువైతే గీత పొరలా లేచిపోతుంది. వేడిని అదుపు చేసే యంత్రాలు బజారులో దొరికేవి కానీ మా ఓనరు కొనలేదు. పని చేతిలో ఉండాలి అనేవాడు. నేనూ తలూపేవాణ్ని. నా చేతిలో ఏముందో నాకు తెలుసు. నేను కాల్చేసిన బోర్డులను, ఇది ముందే పోయిందండీ అని చెప్పి వెనక్కి ఇచ్చేసేవాణ్ని.

రేవతి పాత ఫ్యాను రెగ్యులేటరు ఒకటి సంపాదించింది. దాన్ని ప్లాస్టిక్ స్విచ్చుల డబ్బాలో బిగించి, ఐరన్‌కు సాకెట్ పెట్టింది. చెడిపోయిన రేడియో నుంచి తీసిన నాబ్ తగిలించింది. పనికిరాని బోర్డుల మీద రోజుల తరబడి సీసం కరిగించి చూసి, సన్నని పనికి ఎంత వేడి చాలో తేల్చుకుంది. ఆ చోట డబ్బా మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టింది. నాబ్ మీది గీత ఆ చుక్కకు ఎదురుగా వస్తే చాలు, రాగి గీతలు లేవవు. అంతే. అంత తేలికైన సంగతి. అంత తేలికైనది నాకెందుకు తట్టలేదు? తట్టలేదు కాబట్టే నవ్వాను. ఐరన్‌కు ఫ్యాన్ గాలి కావాలా అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆమె కూడా నవ్వింది. అది ఇంకా మండించింది.

తర్వాత ఓనరు నాజూకు పనులన్నీ ఆమె బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. నాకు మిక్సీలు మిగిలాయి.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తినడానికి వెళ్లింది. నాబ్ పక్కన, దాన్ని లోపలి కడ్డీకి పట్టి ఉంచే చిన్న మరమేకు ఉంటుంది. దాన్ని వదులు చేశాను. లోపలి కడ్డీని వేడి పెరిగే వైపు కొంచెం తిప్పాను. నాబ్ గీతను మళ్లీ చుక్కకు ఎదురుగా పెట్టి మర బిగించాను. పైకి ఏ తేడా లేదు. ఏదో ఒక చవక రేడియో పాడవుతుంది, ఈమె గర్వం అణుగుతుంది అనుకున్నాను. గర్వం ఎవరికి? ఆ ప్రశ్న అప్పుడు వేసుకుని ఉంటే నేను మనిషినయ్యేవాణ్ని.

కానీ ఆమె రాగానే తీసుకున్నది రేడియో కాదు. తిరుచానూరు నుంచి ఒక నాదస్వరం విద్వాంసుడు కరెంటుతో నడిచే తన శ్రుతిపెట్టె తెచ్చాడు. చాలా పాతది. అలాంటివి ఇప్పుడు ఎవరూ చేయడం లేదనీ, కొత్తవాటి నాదం తనకు సరిపడదనీ చెప్పాడు. ఆమె చేతికే ఇమ్మని అడిగి మరీ ఇచ్చాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నాబ్ గీత చుక్క మీదే ఉందని ఆమె సరిచూసుకోవడం చూశాను. ఐరన్ ఆనించగానే మామూలు కన్నా ఎక్కువ పొగ వచ్చింది. ఒక్క మాట చాలు. ఆగు అంటే చాలు. నేను మిక్సీ జారును తుడుస్తూ కూర్చున్నాను.

రాగి గీతలు లేచిపోయాయి. ఆమె బోర్డు పట్టుకుని, ముందు గదిలో ఉన్న విద్వాంసుడి దగ్గరికి వెళ్లింది. ఆ కాస్త వ్యవధిలో నేను మళ్లీ మర వదులు చేసి, అన్నీ ముందున్నట్టే పెట్టేశాను. తిప్పడం నా అసూయ అనుకుందాం. మళ్లీ సరిచేయడం ఏమిటి? దానికి నీచత్వం అన్న మాట కూడా చిన్నదే.

ఓనరు వచ్చాడు. ఆమె నా వైపు తిరిగింది.

"సుక్క మీదే పెట్టినాను అన్నా. నువ్వు పక్కనే ఉండావు గదా, సూసినావు గదా?"

"లేదమ్మా. నా పనిలో నేనుండా. నేనేం సూడలేదు."

ఓనరు తనే ఒక పాత బోర్డు మీద ఐరన్ పెట్టి చూశాడు. సీసం చక్కగా కరిగింది. గీత లేవలేదు. "డబ్బా బాగానే ఉండాది అమ్మే. నువ్వే ఆడ సెయ్యి ఎక్కువసేపు పెట్టినావు," అన్నాడు.

ఆమె కాసేపు తన చేతి వైపు చూసుకుంది. తర్వాత విద్వాంసుడి దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే సామీ," అంది. ఆయన శ్రుతిపెట్టెను కండువాలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె చెయ్యి చెడింది. చెడగొట్టింది నేనే. భయంతో ఐరన్‌ను ముందే ఎత్తేసేది, అతుకులు నిలిచేవి కావు. ఇచ్చినవి తిరిగి వచ్చేవి. ఓనరు తిట్టకముందే మానేసింది. పోతూ డబ్బాను నా బల్ల మీద పెట్టి, పనికొస్తే వాడుకో అన్నా అంది. వాడుకున్నాను. సిగ్గులేనివాడికి అన్నీ పనికొస్తాయి. ఆ డబ్బాతోనే నాకు పేరొచ్చింది. ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. మీ చెయ్యి భలే మెత్తన సార్ అని జనం మెచ్చుకుంటారు. వాళ్ల మెప్పును వినయంగా తల వంచి అందుకునే ఈ మనిషిని చూస్తే నాకు ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఈమధ్య రేవతి వచ్చింది. తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని, దారిలో పలకరించి పోదామని వచ్చానంది. సత్యవేడులో కుట్టుపని చేస్తోందట. నా బల్ల మీద డబ్బాను చూసి ముఖం వెలిగిపోయింది.

"ఇంకా పనిచేస్తా ఉండాదా అన్నా?"

"ఆ. ఒక్కనాడు కూడా తప్పలేదు," అన్నాను. నిజమే చెప్పాను. నా బతుకులో ఆమెకు చెప్పిన నిజం అదొక్కటే.

ఆమె తల పంకించింది. "అయితే ఆ పొద్దు నా సెయ్యే తప్పినట్టు. ఇన్నాళ్లూ డబ్బాదేమోనని కూడా అనుకుంటా ఉంటిని," అని నవ్వి, టీ కూడా వద్దని వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలిస్తే వినిపించే దూరమే. మొదటిసారి అసూయ అన్నాను. ఈసారి ఏమనాలి? పోయేదేముంది? షాపు నాదే, ఓనరూ నేనే. ఆమె దృష్టిలో మంచివాడిగా మిగలాలన్న ఆశ, అంతే. ఆ ముష్టి ఆశ కోసం ఒక మనిషి తన చేతిని తాను నమ్మకుండా బతికినా నాకు ఫరవాలేదన్నమాట.

సత్యవేడుకు బస్సులున్నాయి. నేను ఎక్కలేదు. రేపు ఎక్కుతానని మీకు మాటివ్వను. నా మాట ఎంత విలువైనదో ఇప్పటికే చూశారు. క్షమించమని కూడా అడగను. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు?

మర వదులు చేసింది నేను. వేడి పెంచింది నేను. రేవతి చెయ్యి తప్పలేదు.

ఈ మూడు ముక్కలూ రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడింది. ఆ తేలికను చూసినా నాకు అసహ్యమే. అయినా ఆ ముక్కలను కొట్టేయను.