పదిహేను రోజుల ఫుటేజీ

ఆరేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది. దాన్ని చల్లార్చమని అడగటం లేదు.

విజయనగరంలో ఒక పెద్ద బట్టల షాపులో సీసీ కెమెరాలు చూసే ఉద్యోగం నాది. మేడ మీద, స్టాకు గది పక్కన, కిటికీ లేని చిన్న గది. ఒకే తెర మీద పన్నెండు బొమ్మలు. పొద్దున పదింటి నుంచి జనాన్ని పైనుంచి చూస్తూ కూర్చోవాలి. కొన్నాళ్లకు మనుషులు మనుషుల్లా కనిపించడం మానేస్తారు. చేతులు, సంచులు, కొంగులు కనిపిస్తాయి. ఎవరైనా కెమెరా వైపు చూస్తే అనుమానం. చూడకపోతే ఇంకా అనుమానం. రోజంతా ఏమీ జరగకపోతే, ఏదైనా జరిగితే బాగుండునని కూడా అనిపించేది. ఇది ఎవరితోనైనా చెప్పుకునే మాటేనా?

పట్టుచీరల కౌంటర్లో పార్వతక్క ఉండేది. గజపతినగరం నుంచి రోజూ బస్సులో వచ్చేది. పదకొండేళ్లుగా అక్కడే పని. నేను కొత్తగా చేరినప్పుడు తన క్యారేజీలోంచి నాకు కూర పెట్టిన మనిషి. ఒకరోజు సాయంత్రం చూస్తే ఆ కౌంటర్లో మెరూన్ పట్టుచీర ఒకటి లేదు. షావుకారు నా గదిలోకి వచ్చి, "ఆ పార్వతి మీదే నాకు డౌటు. సరిగ్గా సూడు, దొరుకుతాది," అన్నాడు.

ఆ మాటతో నా కళ్లు నావి కాకుండా పోయాయి.

ఆ మధ్యాహ్నం ఫుటేజీ తీశాను. ఆమె అటూ ఇటూ చూసింది, కౌంటర్ కిందికి వంగింది, లేచి కొంగు సర్దుకుంది. అంతే. మామూలు వేగంలో ఏమీ లేదు. నెమ్మది చేశాను. నెమ్మదిగా తిప్పితే ఎవరి కదలికైనా కావాలని చేసినట్టే ఉంటుంది. ఇరవై సార్లు చూశాను. మొదటిసారి ఆమె వంగింది. పదోసారికి దాస్తోంది. ఇరవయ్యోసారికి కొంగు కింద చీర అంచు కూడా కనిపించింది నాకు. లేని అంచు!

స్టాఫందరి ముందూ ఆ ముక్క వేసి చూపించాను. పార్వతక్క తెర వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, నా మొకం సూసి సెప్పు. నాను తీసినానా? నువ్వు సూసినావేటి?"

"సూసినానక్కా."

"ఏటి సూసినావురా?"

"అంతా సూసినాను."

ఆడవాళ్ల చేత ఆమె సంచీ, ఒళ్లూ వెతికించారు. ఏమీ దొరకలేదు. "ముందే బయటికి పంపించీసుంటాది," అన్నాడు షావుకారు. అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు. నా భుజం తట్టి, "ఈడి కళ్ల ముందు ఏటీ దాగదు," అన్నాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

నాలుగో రోజు ఇంకేదో వెతుకుతూ మెట్ల దగ్గరి కెమెరా చూశాను. అదే మధ్యాహ్నం. షావుకారే ఆ మెరూన్ చీర చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఎవరికో చూపించడానికి తీసుకెళ్లి మరిచిపోయాడో, మరిచిపోయినట్టు నటించాడో ఈ రోజుకీ తెలియదు. ఇంకో కెమెరాలో పార్వతక్క వంగడం అవతలి వైపు నుంచి ఉంది. వాచిన చీలమండ నొక్కుకుంటోంది. రోజంతా నిలబడే మనిషి కదా.

మా మిషన్లో ఫుటేజీ పదిహేను రోజులే ఉంటుంది. తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. నేను ఏదీ చెరపలేదు. ఆగాను. రోజూ గదిలో కూర్చుని, అది ఇంకా ఉందని తెలిసి, ఆగాను. పన్నెండో రోజు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లి, దాన్ని బయటికే తీయకుండా తిరిగొచ్చాను. ఉద్యోగం పోతుందన్న భయమా? అది సగం. రెండో సగం చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. నా కళ్ల ముందు ఏదీ దాగదన్న పేరు వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ పేరు కోసం, థూ, ఒక మనిషిని దొంగగా వదిలేశాను.

ఊళ్లో ఇంకే షాపూ ఆమెను తీసుకోలేదు. పలాసలో చెల్లెలింటికి వెళ్లిపోయిందని విన్నాను. నిరుడు ఒక పెళ్లికి వెళ్లి వస్తూ అక్కడి బస్టాండులో చూశాను. జీడిపప్పు బట్టీలో పని చేస్తోందని అంతకుముందే విన్నాను. జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"బాగున్నావేటి తమ్ముడూ?"

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తిట్టనందుకు ఆమె మీదే కోపం వచ్చింది. చూడండి నా బుద్ధి! తలూపి బస్సెక్కేశాను. కిటికీలోంచి చూసే ధైర్యం కూడా లేదు.

ఇది రాసినంత మాత్రాన ఆమెకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. అయినా ఈ మాట ఒక్కసారైనా కాగితం మీద ఉండాలి. పార్వతక్క ఆ చీర తీయలేదు. నాలుగో రోజుకే నాకు తెలుసు.