దానమ్మ సీసాకు పడ్డ తిట్లు

కొత్తవలస రైల్వే గేటుకు ఇవతల, చర్చి వెనక సందులో ఉండే నాలుగిళ్ళవాళ్ళకు జనవరి ఒకటో తారీఖు మధ్యాహ్నం ఒక పని ఉంటుంది. పొద్దున ఆరాధన అయ్యాక, కోడికూరా అన్నం తిని, ఎవరింటి సీసా వాళ్ళు చంకన పెట్టుకుని రిటైరైన గార్డు జ్ఞానానందం గారి డాబా ఎక్కుతారు. సీసాలో ఉండేది ఇంట్లో చేసిన ద్రాక్షారసం. పాస్టరుగారి దగ్గర దాన్ని ఎప్పుడూ రసమనే అంటారు. అది జాడీలో ఎన్నాళ్ళు ఊరిందో ఆయన అడగరు, వీళ్ళు చెప్పరు.

ఆ డాబా మీద ఒక ఆచారం ఉంది. సీసాను మెచ్చుకోకూడదు, తిట్టాలి. ఒకరి సీసా దగ్గుమందులా ఉందంటారు. ఇంకొకరిది తరవాణి కుండ కడిగిన నీళ్ళంటారు. అంటూనే గ్లాసు మళ్ళీ ముందుకు జరుపుతారు. ఏ సీసానైనా పట్టుకుని "బాగుంది" అన్నారంటే ఇక దాని పని అయిపోయినట్టే, రెండోసారి పొయ్యమని అడిగే నాథుడుండడు. ఒక ఏడు సోములు తెచ్చిన నేరేడుపళ్ళ రసాన్ని అందరూ కూడబలుక్కున్నట్టు "బాగుంది సోములూ" అన్నారు. సోములు చర్చికి వచ్చేవాడు కాదు, పక్కింటివాడు కాబట్టి డాబాకు మాత్రం వచ్చేవాడు. పాపం, ఆ సీసా పట్టుకెళ్ళి మామిడి మొక్క మొదట్లో కుమ్మరించుకున్నాడు.

దానమ్మ భర్త జేమ్స్‌కు పడినన్ని తిట్లు అక్కడ ఇంకెవరికీ పడలేదు. పట్టాల మీద పని చేసే మనిషి. పెళ్ళయిన కొత్తలో వాల్తేరులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య దగ్గర ఈ విద్య పట్టాడు. నల్లద్రాక్ష చేత్తో పిసికి, పంచదారా గుప్పెడు గోధుమలూ నాలుగు లవంగాలూ వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టేవాడు. ఆ జాడీ దగ్గరికి దానమ్మను రానిచ్చేవాడు కాదు. సీసాలు కడగడం, గుడ్డ ఉతకడం, డాబా మీద గ్లాసులు అందించడం ఆమె వంతు. అడుగున మిగిలిన గుక్క ఆమే తాగేది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

మార్చిలో జేమ్స్ పోయాడు. గడ్డం గీసుకోవడానికి నీళ్ళు పెట్టుకుంటూ కూలబడ్డాడు, అంతే.

అప్పటినుంచి దానమ్మతో లోకమంతా మెత్తగా మాట్లాడసాగింది. చేపలమ్మే మనిషి బేరం ఆడకుండానే ఒక చేప ఎక్కువ వేసేది. కుళాయి దగ్గర బిందెలు పక్కకు జరిగి దారిచ్చేవి. ఏళ్ళ తరబడి గోడ మీది పిల్లి కోసం పోట్లాడిన ఎదురింటావిడ కూడా "తిన్నావా అమ్మా" అనడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ మెత్తదనం ఒంటికి నూనె రాసినట్టుండేది. రాను రాను అదే భయమేసింది. బతికున్న మనిషితో ఎవరూ అంత మెత్తగా మాట్లాడరు.

నవంబరులో జ్ఞానసుందరి, అంటే గార్డుగారి భార్య, ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఈ యేడు నువ్వేటీ తేవొద్దు సెల్లీ. ఊరికే ఒచ్చి మా మధ్యన కూకో. మేమున్నాం కదా."

మంచి మనసుతో అన్న మాటే. దానమ్మ తల ఊపింది. జ్ఞానసుందరి గుమ్మం దిగగానే మాత్రం తను అక్కడే నిలబడిపోయింది. నాలుగిళ్ళ సీసాల్లో మూడే బల్లెక్కుతాయి. నాలుగో ఇంటి మనిషి పక్కన కూర్చుని, అందరూ జాలిగా చూస్తుంటే, కేకు ముక్క తింటుంది. ఇక ప్రతి యేడూ అంతే. ఆ ఇంట్లో మగవాడే కాదు, ఇల్లే లేనట్టు.

మర్నాడు అటక మీది జాడీ దింపింది.

ద్రాక్ష పిసికాక పంచదార పొట్లం చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. జేమ్స్ ఎంత వేసేవాడో తెలియదు. ఆయన చెయ్యి ఆయనతోనే వెళ్ళిపోయింది, దాన్ని తను దొంగిలించాలన్నా రాదు. పొట్లం డబ్బాలో పోసేసింది. దానమ్మ పుట్టిల్లు శృంగవరపుకోట అవతల, చెరుకు ఆడే ఊరు. పాకం ముదిరిందో లేదో వాసనకే చెప్పే ఇంట్లో పెరిగింది. నల్లబెల్లం అచ్చు తీసి దంచింది. ఇంత అల్లం చితక్కొట్టి పడేసింది. లవంగం జోలికి పోలేదు.

పదిరోజులు పోయాక పెరటి గోడ మీదుగా సోములు తల పెట్టాడు.

"వదినా, ఏటీ వాసన? సారా బట్టీ గానీ పెట్టీసినావేటి? ఎక్సైజోళ్ళు..." అని నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినవాడిలా నాలిక కరుచుకున్నాడు. "అదే... మంచిదేలే వదినా. ఏదో ఒకటి సేసుకుంటుంటే మనసు కుదురుగా ఉంటాది."

మొదటి మాటకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రెండో మాటకు ఉసూరుమంది.

జనవరి ఒకటిన దానమ్మ సీసాతో డాబా ఎక్కేసరికి అందరూ లేచి నిలబడ్డారు. కుర్చీ చూపించారు. ముందు ఆమె సీసానే తీశారు, అది కూడా మర్యాదే. జ్ఞానానందం స్వయంగా స్టీలు గ్లాసుల్లో వంచాడు. ఒకరిద్దరు పెదవి తడుపుకున్నారు.

"బాగుందమ్మా" అన్నాడు ఆయన.

"బాగుంది సెల్లీ, శానా బాగుంది" అంది జ్ఞానసుందరి.

"బాగుంది వదినా" అన్నాడు సోములు. అతని గ్లాసు ఇంకా నోటి దాకా రానే లేదు.

దానమ్మ లేచింది. బల్ల మీద సీసా తీసుకుని బిరడా బిగించింది.

"అయ్యో, ఏటయ్యింది?" అంది జ్ఞానసుందరి.

"మింగక ముందే బాగుందని ఎలగ తెలిసింది అప్పా?" దానమ్మ గొంతు పెద్దదేమీ కాదు, కానీ ఆరోజు డాబా చివరిదాకా వినబడింది. "మా ఆయన పోయినాడు. నాను పోనేదు. మా ఇంటి సీసాని తిట్టనోళ్ళకి నాను పొయ్యను. తాగితే తాగినట్టు తాగండి, నేకపోతే ఒగ్గీండి. నాను పట్టుకెళ్ళి నా మటుకు నాను తాగుతాను."

 

జ్ఞానసుందరి తన గ్లాసు తీసింది. ఈసారి నిజంగా తాగింది. నాలిక మీద తిప్పి, కళ్ళు మూసుకుని మింగింది. మొహం ముడుచుకుంది.

"ఇది జేమ్సుది కాదు" అంది.

"కాదప్పా. నాది."

"అయితే నిన్నే తిట్టాల." జ్ఞానసుందరి గ్లాసు ఠకీమని బల్ల మీద పెట్టింది. "బెల్లం ఏసినావేటే? ద్రాక్షారసంలో బెల్లమేటే నీ మొహం! ముందు తియ్యగా కబుర్లు సెప్పి, గొంతు దిగినాక తన్నుతన్నాది, మా అత్తగారిలాగ."

"ఏది, నన్ను సూడనీ" అని జ్ఞానానందం గటగటా తాగేశాడు. దగ్గొచ్చింది. "ఏటమ్మా ఇది, అల్లమా? ఇది రసం కాదు, పురిటాలికి పెట్టే కాయం."

"కాయం తాగితే సెవులు ఇలగ ఏడెక్కుతాయేటి మావా?" అన్నాడు సోములు. అతను అప్పటికి గ్లాసు బోర్లించి అడుగు చూసుకుంటున్నాడు. "వదినా, నాను ఆరోజే అన్నాను, సారా బట్టీ అని. నోరు మూసుకున్నాను గానీ నా ముక్కు అబద్ధం సెప్పదు. ఎక్సైజోళ్ళని పిలాల్సిందే."

"పిలు. ఆళ్ళు ఒచ్చీలోగా ఇంకొంచెం పోసుకుంటావేటి?"

"పొయ్యి మరి. సాక్ష్యం ఉంచకూడదు కదా."

దానమ్మ బిరడా తీసింది. ఒక్క చుక్క కింద పడకుండా గ్లాసులు నింపింది. బెల్లం వెయ్యొచ్చా కూడదా అని గార్డుగారికీ భార్యకూ పెద్ద పేచీ వచ్చింది. జ్ఞానసుందరి కూడదనే వాదించింది, వాదిస్తూనే మూడుసార్లు పోయించుకుంది. ఆ రంగేమిటి, ఇంజనాయిలులా, అన్నారు. ఈ సీసాకు కొమ్ములున్నాయన్నారు. ఎదురింటివాళ్ళ సీసా మూత కూడా తియ్యకుండానే దానమ్మ సీసా ఖాళీ అయింది. ఖాళీ సీసాను కూడా సోములు తలకిందులు చేసి, "పిసినారి వదిన, ఒక్కటే తెచ్చింది" అని తిట్టాడు.

మార్చి తర్వాత ఆమెను ఎవరైనా పిసినారి అనడం అదే మొదలు. దానమ్మకు కడుపు నిండిపోయింది. కళ్ళు తడిశాయి. అల్లం ఘాటు అనుకున్నారు, ఆమె అలాగే అనుకోనిచ్చింది.

తర్వాత జ్ఞానానందం తన సీసా తీశాడు. ఏటా జేమ్స్ ఎదురుగా కూర్చుని ఆ సీసాను చీల్చి చెండాడేవాడు. ఈసారి గ్లాసులు నింపుతుంటే దానమ్మ అలవాటుగా అందించడానికి లేవబోయింది. మళ్ళీ కూర్చుంది. ఎవరి గ్లాసు వాళ్ళే తీసుకున్నారు. తన గ్లాసు తను తీసుకుని, ముందు వాసన చూసి, తర్వాత నెమ్మదిగా ఒక గుక్క నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఏటమ్మా, ఎలగున్నాది?" అని అడిగాడు గార్డుగారు, గ్లాసు పట్టుకుని.

దానమ్మ మింగింది. తొందరపడలేదు.

"వాసన ఎప్పుడో ప్లాటుఫారం మీదికి ఒచ్చీసింది బావా" అంది. "రుచే ఇంకా ఔటరు సిగ్నలు కాడ ఆగిపోయి ఉన్నాది."

సోములు కుర్చీలోంచి జారి కింద కూర్చుండిపోయాడు. జ్ఞానసుందరి కొంగు నోట్లో కుక్కుకుంది. ముప్పై ఏళ్ళు బళ్ళు నడిపించిన గార్డుగారు చాలా చిన్నబుచ్చుకుని, దానమ్మ గ్లాసులో మళ్ళీ పోశాడు.