పెట్టె మూత మీద కూర్చునే మనిషి

మా వదిన మొన్న మంగళవారం పొద్దున, నరసరావుపేటలో, సగం సర్దిన సామాన్ల మధ్య ఇనప పెట్టె మీద కూర్చుని చనిపోయింది. ఆమె కొడుకు పటాలంలో పనిచేస్తాడు. వాడికి అస్సాంలో క్వార్టరు వచ్చింది. భార్యనూ, నాలుగేళ్ల కూతుర్నీ, తల్లినీ తీసుకుపోదామని సెలవు మీద వచ్చాడు. పెట్టె మూత పడటం లేదని కోడలు పిలిస్తే వదిన వెళ్లి దాని మీద కూర్చుంది. గొళ్లెం పడింది. "తాళం తేమ్మా" అంది. కోడలు తాళం తెచ్చేసరికి తల గోడకు వాలిపోయి ఉంది.

ఫోన్ వచ్చినప్పుడు నేను చిలకలూరిపేటలో, పత్తి మిల్లు కాటా దగ్గర ఉన్నాను. "బాబాయ్, అమ్మ పెట్టె మీద కూర్చునే పోయింది" అన్నాడు వాడు. పెట్టె మీద ఎందుకు కూర్చుందని నేను అడగలేదు. ఆమె ఎప్పుడూ అక్కడే ఎందుకు కూర్చునేదో నాకు తెలుసు. మా అన్న పోయి నాలుగేళ్లయింది కాబట్టి ఇప్పుడు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. రోజు చివర పద్దు పుస్తకంలో నాలుగు వరసలు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. అయినా ఇది రాయాలి.

మాది గురజాల దగ్గర పల్లె. ఇది జరిగి ఇరవై ఆరేళ్లు దాటింది. అన్న అప్పటికి సిపాయి. పెళ్లయి ఏడేళ్లయినా భార్యాపిల్లల్ని తీసుకుపోవడానికి క్వార్టరు రాలేదు. వదిన మిరపకోతలకు పోతూ ఇద్దరు పిల్లల్ని సాకింది. అమ్మా నాన్నా లేరు గనక నాకు అన్నం పెట్టిందీ ఆమే. చివరికి పంజాబులో క్వార్టరు వచ్చింది. అన్న రెండు వారాల సెలవు మీద వచ్చాడు.

పటాలం వాళ్ల సామానంటే ఇనప పెట్టెలు. వాటికి నల్లరంగు వేసి, మూత మీద తెల్లరంగుతో పేరూ నంబరూ రాసి, మూలన అది ఎన్నో పెట్టో రాయాలి. మావి తొమ్మిది అయ్యాయి. వదిన బడికి పోయిన మనిషి కాదు. పెట్టెల్ని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేది. "అడుగున బరువు, నడుమ గుడ్డలు, పైన అద్దం. అట్టా సర్దితే లారీ యాడ తిరగబడినా ఏం గాదు" అనేది. మూత పడకపోతే ఆరేళ్ల కూతుర్ని దాని మీదికి ఎక్కించేవాళ్లం. ఆ పిల్ల రెండు గంతులు వేస్తే గొళ్లెం పడేది. ఎవరు ఏ పెట్టె మూసినా "నేనెక్కుతా, నేనెక్కుతా" అని పరుగెత్తుకొచ్చేది.

ఊళ్లో రెండు పార్టీలు ఉండేవి. నాకు ఇరవై ఏళ్లు. నాలుగో తరగతితో బడి మానేసి ఒక పార్టీ పెద్దాయన వెనక తిరిగేవాణ్ణి. ఆయన మనుషుల మోటారు సైకిలు వెనక కూర్చుంటే ఊరు నాది అన్నట్టుండేది. మా బాబాయి కూడా ఆ పార్టీలోనే ఉండేవాడు.

అన్న వచ్చిన నాలుగో రోజు పొద్దున బాబాయిని మిరప కల్లంలో నరికారు. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి ఎండబోసిన కాయల మీద బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద రెండు వేట్లు. కుడిచెయ్యి మోచేతి దగ్గర తోలుతో వేలాడుతోంది. మిరపకాయల మీద నెత్తురు కనపడదు. మోకాళ్ల మీద కూలబడితే లుంగీ తడిసింది, అప్పుడు తెలిసింది ఎంత కారిందో. వదిన వచ్చి ఆయన్ని వెల్లకిలా తిప్పింది. కళ్లకీ నోటికీ మిరపగింజలు అంటుకుని ఉన్నాయి. ఆమె కొంగుతో ఒక్కో గింజా తీసింది. ఎవరో "ఈ మనిషికి ఇంత జరగాలా!" అని గుండెలు బాదుకుంటుంటే, "ముందు నీళ్లు తెండి, మొగం మండుతా ఉంటది ఆయనకి" అంది. చచ్చిన మనిషి మొహం మండుతుందని అంతమందిలో ఆమె ఒక్కతే అనుకుంది.

గొయ్యి పూడ్చాక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ నెత్తురురా అది. నువ్వే ముందుండాల" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది.

మర్నాడు పొద్దున ఆయన మనుషులిద్దరు నాకు ఒక సంచి ఇచ్చారు. అందులో ఆరు నాటుబాంబులు, రెండు వేటకొడవళ్లు ఉన్నాయి. పోలీసులు ఇళ్లు సోదా చేస్తున్నారు, మధ్యాహ్నం దాకా దాచమన్నారు. పటాలం పెట్టె ఎవరూ తెరవరని చెప్పింది నేనే. ఆ తెలివి నాదే. వదిన పెరట్లో ఉండగా నాలుగో పెట్టెలో బొంతల మధ్య పెట్టి, తాళ్లు తేవడానికి వీధిలోకి పోయాను.

తాళ్లతో తిరిగొచ్చి వాకిట్లో నిలబడేసరికి వదిన ఆ పెట్టెలోనే ఇంకో బొంత కుక్కి, మూత పడక, కూతుర్ని ఎక్కించి ఉంది. నేను చూస్తుండగానే పిల్ల ఒకసారి ఎగిరి దూకింది. ఏమీ కాలేదు. రెండోసారి దూకడానికి మోకాళ్లు వంచింది.

ఎట్లా పరుగెత్తానో తెలియదు. పిల్లను నడుం పట్టి లాగాను. ఇద్దరం బండల మీద పడ్డాం. పిల్ల పెదవి చిట్లింది.

"ఏందిరా, పిచ్చిగాని పట్టిందా నీకు?" అంది వదిన.

పెట్టె వైపు చెయ్యి చూపించాను. ఆమె బొంతలు ఒక్కొక్కటే తీసింది. మూడో బొంత తీసి ఆగిపోయింది. పెట్టెలోకి చూసి, తర్వాత కూతురి పాదాల వైపు చూసింది. చేతిలో పెట్టెకు వేసే ఇత్తడి తాళం ఉంది. దాంతో నా మొహం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకు ఎడమ కన్ను మూసుకుపోయింది. కనుబొమ మీద ఆ చీలిక ఇప్పటికీ ఉంది.

పిల్లలిద్దర్నీ పక్కింటికి పంపింది. గేదెను విప్పి దూరంగా కట్టింది. బాంబుల్ని ఒక్కొక్కటే రెండు చేతుల్లో పెట్టుకుని, నేల చూసుకుంటూ నడిచి, కుడితి తొట్టిలో ముంచింది. ఆరుసార్లు తిరిగింది. నేను లేవబోతే, "నువ్వు ముట్టుకోమాక" అంది. అంతవరకూ నన్ను అబ్బాయ్ అనేది. ఆ పూట అనలేదు.

మధ్యాహ్నం కాకముందే ఆ ఇద్దరూ బండి మీద వచ్చారు.

"ఒరేయ్, సరుకు తీసుకురా. నువ్వూ బయల్దేరు" అన్నాడు ముందున్నవాడు.

వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. "వాడు రాడు."

"నీకెందుకొదినా? సచ్చింది వాళ్ల బాబాయి గాదా?"

"సచ్చినాయన్ని కడిగింది నేను. మీరు కల్లం దాకా గూడా రాలేదు."

వాడు కొడవలి తీశాడు. ఆమె నన్ను లోపలికి నెట్టి తలుపు వేస్తోంది. ఎడమచెయ్యి తలుపు అంచు మీద ఉంది. వేటు తలుపుకు పడింది. చెక్క లేచింది. చిటికెనవేలు గడప అవతల పడింది. కుడిచేత్తో గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి, అక్కణ్ణుంచే చెప్పింది: "మీ సరుకు కుడితి తొట్లో నానతా ఉంది. తీసకపొండి. మనిషిని మాత్రం ఇయ్యను."

వాళ్లు తొట్టిని తన్ని పగలగొట్టారు. ఇరుగుపొరుగు గుమిగూడేసరికి బండి ఎక్కారు. పోతూ, "పార్టీకి ద్రోహం చేసినోడు ఊరెట్టా దాటతాడో చూస్తాం" అని అరిచారు. అవతలి పార్టీకి నేను ఎట్లాగూ నరకాల్సినవాణ్ణే. ఇక ఇవతలి పార్టీకి కూడా అయ్యాను.

రైలు సంగతి చూడటానికి పిడుగురాళ్ల పోయిన అన్న, సామానుకు ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. వదిన చేతికి పసుపు అద్దిన గుడ్డ చుట్టి ఉంది, అది తడుస్తూనే ఉంది. సంగతి విన్నాక గడ్డపార తీసుకుని వీధిలోకి పోబోయాడు.

"ఏమయ్యా, యాడికి? నీ యుద్ధమేందో అక్కడికిపోయి చెయ్యి, జీతమన్నా ఇస్తారు" అంది వదిన.

ఆయన గడ్డపార పారేసి బెల్టు తీశాడు. నా వీపు మీద ఎక్కడా జాగా మిగల్చకుండా కొట్టాడు. "నా బిడ్డ కాళ్ల కింద బాంబులు పెట్టినోడు నాకు తమ్ముడు గాదు. నాలుగు టికెట్లే. వీణ్ణి తీసకపోను" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. నేను ఉండిపోతే రెండు రోజులు బతికేవాణ్ణి కాదు. అది మా ముగ్గురికీ తెలుసు.

వదిన బెల్టు పట్టుకుంది. "పెట్టెలో ఏం పెట్టాలో తెలవనోణ్ణి ఈడ వదిలేస్తే, ఇంకొకరి పెట్టెలో పెడతాడు. ఇంకొకరి పిల్ల ఎక్కుద్ది. తీసకపోదాం" అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నన్ను ట్రాలీలో పెట్టెల మధ్య సందులో పడుకోబెట్టి, బొంతలు కప్పి, పైన టార్పాలిన్ పట్టా కట్టారు. అన్నా పిల్లలూ డ్రైవరు పక్కన, వదిన పెట్టెల మీద కూర్చున్నారు. పెద్దాయన ఇంటి ముందు ఆయన మనుషులు బండి ఆపారు.

"మీ మరిదేడొదినా?"

"నా మటుకు సచ్చాడు. మీకు కనపడితే కబురు పెట్టండి."

"ఈ పట్టా కింద ఏంది?"

"మిలట్రీ సామాను. తొమ్మిది పెట్టెలు. లెక్కపెట్టుకో, నువ్వు బడికి పోయినోడివేగా."

వాడు కొడవలి మొన పట్టాలోంచి దించాడు. ఒకసారి ఇనప పెట్టెకు తగిలి ఖంగుమంది. రెండోసారి నా తొడలో దిగింది. పెట్టెకు కట్టిన తాడును పళ్లతో పట్టుకున్నాను.

"చించు, బాగా చించు. అది గవర్నమెంటు బొంత. మా ఆయన రిపోర్టు రాయాల, నీ పేరూ మీ నాన్న పేరూ చెప్పు" అంది వదిన.

ఆ బొంతలు ఆమె పాత చీరలతో కుట్టినవి. ఎవరో నవ్వారు. బండి కదిలింది.

పిడుగురాళ్ల స్టేషనులో, సున్నపు బట్టీల పొగ మధ్య, నా తొడకు కట్టు కట్టాక వదిన పెట్టెలు లెక్కపెట్టింది. కుడిచేతి వేళ్లు అయిదూ ముడిచింది. ఎడమచేతివి నాలుగు ముడిచింది. అయిదోది ముడవబోయి, లేదని గుర్తొచ్చి, గుడ్డ చుట్టిన ఆ మొండిని నా తలకు ఆనించి, "పది" అంది. "పెట్టెకో వేలు సరిపొయ్యిందిరా అబ్బాయ్."

మేము పోయిన వారానికి ఊళ్లో రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. సంచి తెచ్చిన ఇద్దరిలో ఒకడు చేతిలోనే బాంబు పేలి చచ్చాడు. రెండోవాడు జైల్లో ముసలివాడయ్యాడు. పెద్దాయన తర్వాత పార్టీ మారాడు. బాబాయిని నరికించిన వాళ్ల పక్కన కూర్చుని పెళ్లి భోజనం చేస్తుంటే చూసినవాళ్లు నాకు చెప్పారు.

నేను పంజాబులో వాళ్ల దగ్గర మూడేళ్లు ఉన్నాను. బయట ఒక కొట్లో సరుకు మోశాను. పెట్టె మూతల మీది అక్షరాలు చూసి, అన్న పిల్లల పుస్తకాలు చూసి, మళ్లీ చదవడం రాయడం నేర్చుకున్నాను. తర్వాత అన్నకు ఎన్ని బదిలీలు వచ్చినా పెట్టెలు సర్దడానికి నేను పోయేవాణ్ణి. ఏ ఇంట్లోనూ పిల్లలు మూత ఎక్కలేదు. "నేనెక్కుతానమ్మా" అని కూతురు అడిగితే, "నీ బరువు చాలదులే" అని వదినే ఎక్కి కూర్చునేది. కూర్చునే ముందు అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేది. నా మొహం చూసేది కాదు. ఒకసారి నేనే ఆ పిల్లకు చెప్పేస్తానన్నాను. "చెప్పమాక. జీవితమంతా నిన్ను బాబాయ్ అని పిలవాల గదా అది" అంది.

ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సు. వదినను సమాధి చేసిన మూడో రోజు, ప్రార్థన అయ్యాక, ఇక్కడిదాకా రాసిన కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. వరండాలో కూర్చుని చివరిదాకా చదివింది. పెన్ను అడిగి ఒకచోట దిద్ది ఇచ్చింది. నేను నాలుగో పెట్టె అని రాసిన చోట కొట్టేసి అయిదు అని వేసింది.

"అయిదోది బాబాయ్. దాని మీద అంకె తిరగబడి ఉండేది. దూకేటప్పుడు దాన్నే చూశాను" అంది. లోపలికి పోయి నాకు అన్నం వడ్డించింది.

మర్నాడు సామాను లారీ వచ్చింది. అవే పెట్టెలు, రంగు మాత్రం కొత్తది. ఒకదాని మూత పడటం లేదు. వదిన మనవరాలు దాని మీదికి కాలు వేయబోయింది. వదిన కూతురు వెళ్లి మేనకోడల్ని ఎత్తి కింద దించి, పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి చూసి, తను కూర్చుంది. గొళ్లెం పడింది.

పెట్టెలు లారీలోకి ఎక్కుతుంటే మనవరాలు అరుగు మీద నిలబడి లెక్కపెట్టింది. నాయనమ్మ దగ్గర నేర్చిన లెక్క. ఎడమచేతి చిటికెనవేలు ముందే అరచేతిలోకి మడిచి దాచింది. మిగిలిన వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ తొమ్మిది దాకా వచ్చింది. లారీ తలుపు వేశారు. పిల్ల అటూ ఇటూ చూసి, అరుగు దిగి నా దగ్గరికి వచ్చి, ఆ మడిచిన వేలు నా మోకాలికి ఆనించి, "పది" అంది.