దరఖాస్తు మీద మొదటి సంతకం

నేను ఐదో జమాతు దాక ఉర్దూల చదివిన. ఆరుకు వచ్చేసరికి పోలీస్ యాక్షన్ అయింది, మా జమాతు నుంచే బడి తెలుగుకు మారింది. తెలుగు అక్షరాలు నేను అంతకుముందే ఊర్లె అయ్యగారి కాడ దిద్దుకున్న. మా ఊరు మెట్‌పల్లికి ఆవల, బండ్ల బాట మీద. ఊర్లె సగం ఇండ్లల్ల మగ్గాలే. మా ఇంట్ల బాపు మగ్గం గుంటల కూసుంటే అవ్వ పక్కన కండెలు చుట్టేది. బడి నుంచి వచ్చినంక నేను తెగిన పోగులు అతికేటోణ్ణి.

మా హెడ్మాస్టర్ సారు ముసల్మాను. నల్ల షేర్వాణి ఒక్కటే ఉండె ఆయనకు. ఎండలకు రంగు పోయి భుజాల కాడ మట్టి రంగు తేలింది. తెలుగు మా తీరుగనే మాట్లాడేటోడు గాని అక్షరం రాదు. చదివిందంత ఉర్దూ, ఫార్సీ. లెక్కలల్ల మాత్రం ఆయనను మించినోడు లేడు. ఆయన చెప్తే రాయికైనా ఎక్కుతదని మెట్‌పల్లి దాక పేరుండె.

బడి తెలుగుకు మారినంక ఆయన వయసు మాస్టర్లు ఇద్దరు కొలువు వదులుకొని పోయిండ్రు. సారు పోలే. ఒకనాడు పొద్దుగాల్నే నన్ను తన అర్రలకు పిలిచిండు.

"నీకు ఉర్దూ వస్తది, తెలుగు వస్తది, కొత్త లెక్కల పుస్తకం చదువుతున్నవు. ముసల్లస్‌ను తెలుగుల ఏమంటరు బేటా?"

"త్రిభుజం సార్."

"జర మెల్లగ చెప్పు."

"త్రి... భు... జం."

ఆయన ఆ మాటను కాయితం మీద ఉర్దూ అక్షరాలల్ల రాసుకున్నడు. ఆ తర్వాత వృత్తం, వ్యాసం, లంబం. ఆ కాయితం చేతిల పట్టుకొనే మా తరగతికి వచ్చి, చూసుకుంట చూసుకుంట పాఠం చెప్పిండు. ఎవ్వరం నవ్వలే. పాఠం అంత బాగుండె.

అప్పటి నుంచి రోజూ గంట కొట్టకముందే పోయి ఆయనకు అక్షరాలు నేర్పుడు నా పని అయింది. నలభై దాటిన మనిషి పలక మీద అ, ఆ దిద్దుడు నేను చూసిన. కుడి నుంచి ఎడమకు రాసి రాసి అలవాటైన చెయ్యి, ఎడమ నుంచి కుడికి రాయాలంటే ఎదురుగాలిల నడిచినట్టు ఆగి ఆగి పోయేది. ఒత్తులు ఆయనకు పెద్ద పరేషాన్. "అక్షరం కింద ఇంకో అక్షరం ఎందుకు పెట్టిండ్రు బేటా? పైన చోటు లేదా?" అనేటోడు. ఇద్దరం నవ్వుకునేటోళ్లం.

నేను ఎనిమిది పాసైనంక బాపు ఇగ చాలన్నడు. ఆయన మోకాళ్లు గుంజుతున్నయి, గుంటల ఎక్కువసేపు కూసోవస్తలేదు. మగ్గం నేనే పట్టాలె. నేను మూడు దినాలు బడికి పోలే. నాలుగో దినం సారు సైకిల్ తొక్కుకుంట మా ఇంటికి వచ్చిండు. బాపు ఆగమాగం అయి తువ్వాల దులిపి అరుగు మీద పరిచిండు. సారు దాని మీద కూసోలే, మగ్గం గుంట గట్టు మీదనే కూసున్నడు.

"రెండేండ్లు నాకియ్యి," అన్నడు బాపుతోని. "వీడు మెట్రిక్ పాసు కాకుంటే నేనే తోలుకొచ్చి నీ మగ్గం మీద కూసోబెడుత."

బాపు చేతులు జోడించిండు. హెడ్మాస్టరు తన ఇంటికి వచ్చి తనను అడుగుడు బాపుకు నమ్మశక్యం కాలే. తెల్లారి నన్ను తనే బడి దాక తోలిండు.

మా బడిల లీడరనే పద్ధతి తెచ్చింది కూడ సారే. నేను తొమ్మిదిల ఉన్నప్పుడు ఓట్లు పెట్టిండు. ఆయన అర్రల ఒక కొత్త కుండ పెట్టి, చీటీలు అందుల వేయమన్నడు. నేను గెలిచిన. బడి అంత వరుసల నిలబడ్డప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కటే మాట చెప్పిండు: "లీడరు అందరికంటె ముందు బడికి రావాలె, అందరికంటె వెనుక పోవాలె. ఇంకేం లేదు." పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. నాకు ఆ చప్పట్లే యాదికున్నయి, ఆ మాట చానా ఏండ్ల దాక యాదికి రాలే.

ఆ ఏడు కరీంనగర్‌ల జిల్లా బడులన్నిటికి వక్తృత్వ పోటీ పెట్టిండ్రు. 'మాతృభాషలో చదువు' మీద మాట్లాడాలె. తెలుగు పంతులు రాసిచ్చిండు, సారు నాతోని ఖాళీ తరగతిల పదిసార్లు చెప్పిచ్చిండు. ఎనుక బెంచీల కూసొని, "వినిపిస్తలేదు, ఇంకా గట్టిగ," అనేటోడు. కరీంనగర్ నేను చూసుడు అదే మొదలు. పెద్ద పెద్ద బడుల పిల్లలు బూట్లు తొడుక్కొని వచ్చిండ్రు. నేను బాపు నేసిన బట్ట అంగీతోని, ఉత్త కాళ్లతోని మాట్లాడిన. పరాయి భాషల చెప్పే చదువు పిల్లల గొంతుకు ఉరి అన్న. జనం చప్పట్లు కొట్టిండ్రు. మొదటి బహుమతి నాకే వచ్చింది. చెక్క మీద ఇత్తడి రేకు కొట్టిన షీల్డు, మా బడికి వచ్చిన మొట్టమొదటిది.

బస్సుల సారు ఆ షీల్డును ఒళ్లె పెట్టుకొని వచ్చిండు. "నువ్వు చెప్పింది సగం నాకు అర్థం కాలే బేటా," అన్నడు. "కాని సభ అంత నిన్నే చూసింది. నేను సభను చూసిన."

ఊర్లె నా పేరు మోగింది. మా ఊరి వకీలు ఒకాయన నన్ను ఇంటికి పిలిచి అరుగు మీద తన పక్కన కూసోబెట్టుకునేటోడు. పత్రికలు చదివిచ్చేటోడు. నన్ను పక్కన కూసోబెట్టుకున్న పెద్దమనిషి అంతకుముందు ఎవ్వడు లేడు. నాకు నేల కనిపిస్తలేదు.

పదో తరగతిల రెండోసారి పోటీలు వచ్చినయి. సారు నా పేరు కొట్టేసిండు. "జామెట్రీల ఎనుకబడ్డవు. ముందు మెట్రిక్ చూసుకో. పోటీకి ఇంకొకడు పోతడు," అన్నడు. నా తరగతోళ్ల ముందటనే అన్నడు. నాకు మొఖం కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం వకీలు కాడికి పోయి చెప్పుకున్న.

"నీకు కోపం వచ్చుడు తప్పు కాదు," అన్నడాయన. "నువ్వు లీడరువు. లీడరంటే గంట కొట్టుడేనా? మీ హెడ్మాస్టరుకు తెలుగు రాదు. తెలుగు బడికి గసొంటాయన పెద్ద ఎట్లయితడు? నువ్వు కరీంనగర్‌ల చెప్పింది ఉత్త మాటలేనా? ఇన్స్‌పెక్టరు వస్తుండు. దరఖాస్తు పెట్టుండ్రి."

ఆయన చెప్పిన మాటలు కొన్ని, నావి కొన్ని. రాసింది మాత్రం నా చెయ్యి. 'మా ముక్యోపాధ్యాయులకు తెలుగు వ్రాయుట రాదు, చదువుట రాదు. దానిచే మా చదువులు చెడుచున్నవి. కావున తెలుగు తెలిసిన వారిని నియమింప ప్రార్థన.' మొదటి సంతకం నాది. నేను చేసింది చూసి ఇరువై మందికి పైగ చేసిండ్రు. ఒకడు మాత్రం, "సారు మనకు ఏం చెరుపు చేసిండని?" అని అడిగిండు. నేను కాయితం పక్కోనికి ఇచ్చిన.

ఇన్స్‌పెక్టరు వచ్చిన దినం నన్ను అర్రలకు పిలిచిండ్రు. సారు కుర్చీల ఇన్స్‌పెక్టరు కూసున్నడు, సారు పక్కన నిలబడ్డడు. ఇన్స్‌పెక్టరు దరఖాస్తు తీసి సారు చేతికిచ్చి, "చదువుండ్రి," అన్నడు.

సారు అద్దాలు పెట్టుకున్నడు. కాయితం చూడంగనే చేతిరాత గుర్తుపట్టిండు, నాకు తెలుసు. రోజూ పలక మీద చూసిన రాతే కదా. ఒక్కసారి నా దిక్కు చూసిండు. తర్వాత వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంట, పైకి చదివిండు. 'తెలుగు... వ్రా... యుట రాదు. చదు... వుట రాదు.' నడుమ ఆగలే. కింద నా పేరు కూడ చదివిండు. అంత చదివినంక కాయితం మీద వేలు పెట్టి, మామూలుగ పొద్దున పాఠంల మాట్లాడినట్టే, "గిక్కడ క కాదు బేటా, ఖ ఉండాలె. ముఖ్యోపాధ్యాయులు," అన్నడు.

ఇన్స్‌పెక్టరు తల దించుకున్నడు. ఆయన చెడ్డోడు కాదు. కాని అడగాలె కాబట్టి ఒక పేజీ చెప్పి రాయమన్నడు. సారు నాలుగు వరుసలు రాసిండు. ఐదో వరుసల చెయ్యి ఆగిపోయింది. కలం మూత పెట్టి, "ఇంకా నేర్చుకుంటున్న," అన్నడు.

నెల తిరగకముందే ఆయనకు ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయింది. హెడ్మాస్టరుగ కాదు, చిన్న బడిల అసిస్టెంటుగ.

ఇంట్ల బాపుకు ఎవరో చెప్పిండ్రు. ఆయన మగ్గం ఆపి గుంటలకెళ్లి పైకి ఎక్కి వచ్చిండు. కొడుతడనుకున్న. కొట్టలే. "నీ కోసం ఆయన గీ గట్టు మీద కూసున్నడు రా," అన్నడు. ఆ తర్వాత పదిహేను దినాలు నాతోని మాట్లాడలే. సారు పోయే దినం బాపు పని వదిలి, మోకాళ్లు పట్టుకుంట మెట్‌పల్లి బస్సు దాక నడిచి పోయిండు. నన్ను రమ్మనలే. నేను అడగలే. వచ్చినంక అవ్వ, "ఏమన్నడయ్యా సారు?" అని అడిగితే, "పిలగాని పరీక్ష ఎప్పుడని అడిగిండు," అన్నడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మెట్రిక్‌ల మా బడి తెలుగు తరగతి నుంచి మొదటి తరగతిల పాసైంది నేనొక్కణ్ణే. జామెట్రీలనే ఎక్కువ మార్కులు వచ్చినయి. కొత్త హెడ్మాస్టరు నా పేరు బోర్డు మీద తెల్ల రంగుతోని రాయించిండు. అందరు ఆ బోర్డు కాడికి తోలుకపోయి చూపెట్టిండ్రు. నేను ఒక ఉత్తరం రాసి సారుకు పంపుదామనుకున్న. రెండు మూడుసార్లు మొదలుపెట్టిన. 'మహారాజశ్రీ సారు గారికి' అనే కాడ ఆగిపోయేది. పంపలే.

నేను కూడ పంతులునే అయిన. ట్రైనింగ్ అయినంక అక్కడక్కడ చేసి, ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేండ్లకు ఆదిలాబాద్ జిల్లాల ఖానాపూర్ దిక్కు ఒక ఊరికి బదిలీ మీద పోయిన. చేరిన వారానికే ఆ బడి చప్రాసి మాటల నడుమ, "మీ మెట్‌పల్లి దిక్కు నుంచే ఒక తురక సారు వచ్చి గిక్కడ చానా ఏండ్లు చేసిండు. లెక్కల సారు. పోయిన వానకాలంల కాలం చేసిండు," అన్నడు.

పాత హాజరు రిజిస్టర్లు తీసి చూసిన. మొదటి ఏండ్లల్ల ఆయన సంతకం ఉర్దూల ఉంది. తర్వాత తెలుగుల, గుండ్రంగ, ఒక్కో అక్షరం విడివిడిగ. తెలుగు పరీక్ష మూడోసారికి పాసైండని చప్రాసే చెప్పిండు. ఆయన చెప్పిన పిల్లలల్ల నలుగురు పంతుళ్లయిండ్రట.

సారు ఇంటామె ఆ ఊర్లెనే ఉన్నదని తెలిసి ఒక ఆదివారం పోయిన. చిన్న పెంకుటిల్లు. ఫలానా బడిల సారు కాడ చదువుకున్ననని చెప్పిన. పేరు చెప్పలే. ఆమె పెద్ద మనిషి, పరదా పక్కకు జరిపి నన్ను లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. ఆయన ఆఖరి దినాల గురించి చెప్పుకున్నది. దగ్గు, జ్వరం, అయినా బడికి పోవుడు. చెప్పి చెప్పి ఒక్కసారి ఆగింది.

"బేటా, నిన్ను ఒకటి అడుగుత. నిజం చెప్పు. నువ్వు గా బడిల చదివినవు, నీకు తెలుస్తది. మా తమ్ముడు అంటడు, ఆయనను గక్కడికెళ్లి ఎళ్లగొట్టిండ్రని. ఆయన మాత్రం నాతోని వేరే చెప్పిండు. 'గా బడి నిలబడ్డది, షీల్డు కూడ వచ్చింది, ఇగ నేను లేకున్నా నడుస్తది. చిన్న బడికి నేనే అడిగి పోతున్న' అన్నడు. ఏది నిజం?"

చాయ్ గిలాస నా చేతిల ఉంది. ఆమె కాళ్లు పట్టుకొని చెప్పుకోవాలెననే నేను ఆ ఇంటికి పోయిన. దారి పొంటి మాటలు కూడ తయారు చేసుకున్న. ఇప్పుడు నేను చెప్తే, ఆయన బతికినంత కాలం ఇంట్ల దాచిన అవమానాన్ని ఆయన పోయినంక నేను ఆమె ముందట పెట్టినట్టయితది. చెప్పకపోతే, క్షమించమని అడిగే దారి ఇగ నాకు ఎక్కడ ఉండది.

"సారే అడిగి పోయిండమ్మా," అన్న. "మేమందరం పోవద్దన్నం. ఆయన వినలే."

ఆమె కండ్లు తుడుచుకున్నది. "నేను అదే అన్న మా తమ్మునితోని," అన్నది. మొఖం తేటపడ్డది. ఇంకో గిలాస చాయ్ తాగేదాక నన్ను లేవనియ్యలే.

ఆ ఊర్లె నేను నాలుగేండ్లు చేసిన. రంజాన్‌కు, బక్రీద్‌కు ఆమె కబురు పంపేది, పోయేటోణ్ణి. పోయిన ప్రతిసారి ఆమె ఎవరో ఒకరిని పిలిచి నన్ను చూపెట్టి, "గీ పంతులు మా సాబ్ శిష్యుడు, అప్పటి సంగతులన్ని ఇతనికి తెలుసు," అని చెప్పేది. నేను తల ఊపేటోణ్ణి. తర్వాత ఆమె బిడ్డ దగ్గరికి నిజామాబాద్ పోయింది. ఇప్పుడు ఉన్నదో లేదో తెలువది. ఆ నాడు అబద్ధం చెప్పి ఆమెకు మేలు చేసిన్నో, నన్ను నేను కాపాడుకున్ననో, ఇన్నేండ్లయినా తేల్చుకోలేకపోయిన.