తెర దాటిన గొంతు

మా మాస్టరు ఆడవాళ్ళ బట్టలు కుట్టే మనిషి. నాది పక్క కొట్టు, ఫోన్లు బాగుచేస్తాను. పదకొండేళ్ళుగా ఇరుగూ పొరుగూ. ఆయన పని చూశాను, నేను అక్కా అని పిలిచే ఆయన భార్య కబుర్లు విన్నాను కానీ ఆయన మాట విన్నది తక్కువ. పొద్దస్తమానం నోట్లో గుండుసూదులు పెట్టుకోబట్టి పెదవులు విప్పడం మర్చిపోయాడని అక్క ఎగతాళి చేసేది. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేది.

కొలతలు తీసే పని అక్కది. కొట్టు వెనక నీలం తెర, దాని అవతల నిలువుటద్దం, ఒక స్టూలు. మొదట్లో కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసేవారు. ఒకసారి భార్య బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక పెద్దమనిషి బల్ల మీదున్న ఆ పుస్తకం తిరగేసి, తన పక్కింటావిడ నడుము చుట్టుకొలత చదివి పకపకా నవ్వాడు. అక్క పుస్తకం లాక్కుంది, ఆయన్ని నాలుగూ దులిపి పంపింది, ఆ సాయంత్రమే దాన్ని పొయ్యిలో పెట్టింది. మర్నాటి నుంచి తెర వెనక కొలతలు తీసి, ఫోనులో రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో రికార్డింగు, పైన వాళ్ళ పేరు. మాస్టరు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అది వింటూ గుడ్డ మీద సుద్దతో గీతలు గీసేవాడు. "ఈ తెర దాటి బయటికి పోదమ్మా, నాదే పూచీ" అని అక్క వచ్చిన ప్రతి మనిషికీ మాటిచ్చేది. ఆ మాట మీదే ఊరంతా వాళ్ళ కొట్టుకి వచ్చేది.

ఒకసారి ఆ ఫోను స్పీకరు పాడైతే నా దగ్గరికి తెచ్చారు. బాగయిందో లేదో చూడాలి కదా, ఒక రికార్డింగు వినక తప్పలేదు. "భుజం పద్నాలుగు. కుడి భుజం కాస్త దిగింది, పాపం రోజూ బరువు సంచీ మోస్తుంది మరి. చంక దగ్గర వదులుగా పెట్టండి, అడగడానికి మొహమాటపడుతోంది." అంతవరకు విన్నాక అక్క వచ్చి నా చేతిలోంచి ఫోను తీసేసుకుంది. "విన్నది మర్చిపో. లేకపోతే నీ చెవులు కుట్టేస్తా" అంది.

అక్క పోయి రెండేళ్ళు. వారం రోజుల జ్వరం, అంతే. పదిహేనో రోజున మాస్టరు కొట్టు తెరిచాడు. ఎలా కుడతాడో, కొలతలు ఎవరు తీస్తారో అని నేను గాబరాపడుతుంటే, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సుద్ద అందుకున్నాడు. మూడొందల పైచిలుకు రికార్డింగులున్నాయి అందులో. పాత వాళ్ళవి మాత్రమే కుట్టేవాడు. మనుషులు ఒళ్ళు చేశారనిపిస్తే, ఏమీ అడక్కుండా కంటితో చూసి అరంగుళం కలిపేవాడు. పదిన్నర నుంచి ఆరింటి దాకా ఆవిడ ఆయన చెవిలో మాట్లాడుతూనే ఉండేది. అప్పుడప్పుడు తనలో తనే నవ్వుకునేవాడు. నాకు ఒళ్ళు జలదరించేది, అబద్ధమెందుకు.

"ఇవన్నీ ఇంకో చోట దాచిపెట్టొచ్చా తమ్ముడూ?" అని నిరుడు ఒకసారి అడిగాడు. "పది నిమిషాల పని మాస్టారూ, రేపు చేస్తా" అన్నాను. పోయిన ఫోను ఎక్కడుందో మ్యాపులో చూపించే యాప్ మాత్రం అప్పుడే పెట్టిచ్చాను, గొప్ప ఉపకారం చేసినవాడిలా. ఆ రేపు మళ్ళీ రాలేదు. పది నిమిషాలు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అన్నం సహించదు.

బొత్తాలు కొనడానికి బస్సులో వెళ్ళిన రోజున జేబులోంచి ఫోను పోయింది. కొట్టు మెట్టు మీద కూర్చుని, ఖాళీ జేబు మీద చెయ్యి వేసుకుని, "పోయింది తమ్ముడూ" అన్నాడు. రెండేళ్ళ కిందట ఆసుపత్రి నుంచి ఫోను చేసి నాతో అన్న మాటా అదే.

మాస్టరు కూతురు, ల్యాబులో పనిచేస్తుంది, పరుగున వచ్చింది. తన ఫోనులో ఆ యాప్ తెరిచాం. బస్సు డిపో అవతల ఒక వీధిలో ఆకుపచ్చ చుక్క. కింద మూడు మీటలు: మోగించు, తాళం వేయి, చెరిపేయి.

"ముందు తాళం వేసేద్దాం బాబాయ్" అంది అమ్మాయి నాతో.

"వద్దు" అన్నాడు మాస్టరు. "తాళం వేస్తే, దొరికినవాడు మంచివాడైనా మనకి ఫోనెలా చేస్తాడు?"

సుద్ద చేతులతో వాడే ఫోనని దానికి ఎప్పుడూ తాళం పెట్టుకోలేదు వాళ్ళు. సిమ్ కూడా ఆపించనివ్వలేదు. లోకంలో దొంగకీ దొరకీ తేడా తెలియని మనిషి. నేనైనా గదమాయించాల్సింది. ఆ మొహం చూసి నోరు రాలేదు.

పోలీసుస్టేషన్లో కాగితం రాసిచ్చాం. మూడో రోజు మధ్యాహ్నం ముగ్గురం ఆ వీధికి వెళ్ళాం. మూడు నాలుగంతస్తుల ఇళ్ళు, కిటికీలకి ఆరేసిన బట్టలు. మాస్టరు తన చేత్తో 'మోగించు' నొక్కాడు. పైనెక్కడో అక్క ఫోను మోగింది. అదే గంట, వెనకటి రోజుల్లో ఆవిడ తెర వెనక ఉండగా మోగితే "ఎవరో చూడండీ!" అని అరిచేదే, ఆ గంట. మాస్టరు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు దాటేసరికి ఎవరో నొక్కేశారు, ఆగిపోయింది. తలుపులు తట్టాం. కొందరు తీయలేదు, తీసిన వాళ్ళు మాకేం తెలుసన్నారు. మెట్ల మీద నిలబడి ఆయన ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఇక్కడే ఉంది తమ్ముడూ. పలికి, మానేసింది" అన్నాడు.

ఫోను గురించే అన్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

అయిదో రోజున టీచరమ్మ వచ్చింది. చాలా ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే కుట్టించుకునే మనిషి. కొట్టులోకి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న అక్క నెంబరు నుంచి ఫోనొచ్చింది మాస్టారూ. ఎత్తాను. అక్కే మాట్లాడింది."

అమ్మాయి లేచి నిలబడింది.

"నా పేరు చెప్పి, నా కొలతలు చదివింది. పై నుంచి కింది దాకా. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తర్వాత వెనక ఎవడో నవ్వాడు. అప్పటిగ్గానీ రికార్డింగని తెలియలేదు. అక్క మాటిచ్చింది కదండీ నాకు. నాకే కాదు, ఇంకో ఇద్దరికి కూడా చేశాడట."

ఆ మాట చెప్పడానికి ఆవిడకెంత సిగ్గయిందో, అది విని మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "ఇప్పుడు తాళం వేద్దాం" అన్నాను. అన్నానే గానీ నాకు తెలియదా? అంత పాత ఫోను తాళం నాలాంటివాడు పావుగంటలో తీసేస్తాడు.

మాస్టరు నన్నే చూశాడు. "చెరిపేస్తే?"

"ఏమీ మిగలదు మాస్టారూ. మళ్ళీ రావు."

"నాన్నా, అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు నాన్నా" అంది అమ్మాయి. నిజమే. వీడియోలు తీయబోతే మొహం తిప్పుకునే మనిషి అక్క.

"మీ అమ్మే ఉంటే ఈపాటికి తనే నొక్కేసేది" అన్నాడు.

కూతురి ఫోను తీసుకున్నాడు. అంతా శాశ్వతంగా పోతుంది, నిశ్చయమేనా అని యాప్ అడిగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, నొక్కాడు. రెండు నిమిషాలకి చుక్క మాయమైంది. "అయిపోయిందమ్మా, ఇక ఎవరి దగ్గరా లేవు, నా దగ్గర కూడా" అని టీచరమ్మతో చెప్పాడు. తర్వాత నెల రోజులు గడప గడపకీ తిరిగి అదే మాట చెప్పి వచ్చాడు. కొట్టు తెరిచేవాడు, కానీ సుద్ద ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా పిలిస్తే ముందు చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఆ తర్వాత తిరిగి చూసేవాడు.

నాలుగు నెలల తర్వాత టీచరమ్మ తన ఫోను నా దగ్గరికి తెచ్చింది, నిండిపోయి ఏదీ పట్టడం లేదని. తెరిచి చూస్తే వందల కాల్ రికార్డింగులు. వచ్చిన ప్రతి ఫోనూ దానంతటదే రికార్డయ్యే ఏర్పాటు ఉంది, ఆవిడకే తెలియదు. ఆ దొంగ ఫోను చేసిన తేదీ నా కంటబడింది. విషయం చెప్పాను. ఆ ఒక్క నిమిషం ఫోను ఆవిడని ఎంత కాల్చిందో నాకు తెలుసు.

"ఇవ్వండి. అందులో ఉన్నది నా ఒళ్ళే అయినా ఆయన వినొచ్చు. ఇంకెవరూ వినకూడదు" అంది.

మాస్టరు విన్నాడు. విని, "ఆ నవ్వు తీసెయ్యగలవా?" అన్నాడు. టీచరమ్మని మళ్ళీ అడిగి, ఆవిడ సరేనన్నాక, మూడు రోజులు కూర్చున్నాను. వాడి నవ్వు తీస్తే దాంతోపాటు అక్క గొంతూ పోతోంది. అలా అల్లుకుపోయాయి రెండూ. ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేశాను.

ఆ రికార్డింగు చివర అక్క, "ఏమండీ, విన్నారా?" అంటుంది. దానికి వాడు, ఆ దొంగ వెధవ, మొగుడిలా గొంతు పెట్టి, "విన్నానే" అని నవ్వుతాడు.

మాస్టరు రోజూ పొద్దున ఒక్కసారి అది చెవిలో పెట్టుకుంటాడు. అక్క అలా అడగ్గానే, వాడికి సందివ్వకుండా, వీధిలో పోయేవాళ్ళు ఉలిక్కిపడేలా అరుస్తాడు.

"విన్నానే! విన్నాను!"