పదింటి కార్డు

పొద్దున్న టెలిగ్రాము వచ్చింది, కాకినాడ ఆసుపత్రిలో మా వారు పోయేరని. తోడు వస్తానంటే వద్దని ఒక్కరే వెళ్ళేరు. బస్సుకి సంచీ సర్దుకుంటుంటే పోస్టులో ఆయన ఉత్తరం వచ్చింది. "జ్వరం తగ్గింది. గురువారం రాజోలు వచ్చేస్తాను. నీ చేతి చారు తాగాలని ఉంది."

పక్కింటి మార్తమ్మ గారు సంచీ నా చేతిలోంచి లాక్కున్నారు. "చూసేవా లీలా! టెలిగ్రాము పొద్దుటిది, ఇది ఇప్పుడొచ్చింది. ఇదే నిజం. ఎవరి పేరో పొరపాటున కొట్టుంటారు. ఏడుపు ఆపి ముఖం కడుక్కో."

నమ్మాలని నాకెంత ఉందో చెప్పలేను. కాని పదహారేళ్ళు సాలమోను గారితో కాపురం చేసినదాన్ని.

ఎగువన నీళ్ళు కొలిచే గేజీల నుంచి వచ్చే గోదారి మట్టాలు ఆఫీసులో రాసుకోవడం వరదల్లో ఆయన పని. మొదట్లో పెద్ద రిజిస్టరుండేది. ఇంజనీరు గారు "ఫలానా చోట నీళ్ళెంతయ్యా?" అంటే పది పేజీలు తిప్పాలి. ఈలోగా నీళ్ళు ఆగవు కదా. డెబ్బై ఆరులో ఆయన మా పాత తలుపుచెక్కకి మేకులు కొట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళేరు. గేజీకో మేకు, కబురుకో కార్డు, కొత్తది పైన. అడిగిన మాట పూర్తయ్యేలోగా జవాబు.

ఆ ఆగస్టులోనే ఒకచోట ఫోను తీగ తెగింది. పన్నెండింటి మట్టం పక్క ఊరి ఫోనులో ముందొచ్చింది. పదింటిది సైకిలు మీద రెండింటికి వచ్చి, మేకు మీద పైన కూర్చుంది. దాంట్లో నీళ్ళు రెండడుగులు తక్కువ.

"వరద తీస్తోందయ్యా. లంకకి పడవలు ఆపెయ్యండి," అన్నారు ఇంజనీరు గారు.

"తీయట్లేదండీ. ఈ కార్డు దారిలో ఆలస్యమైందండీ. నీళ్ళు చూసింది పదింటికండీ." సాలమోను గారు దాన్ని తీసి పన్నెండింటి కార్డు కిందకి గుచ్చేరు. పడవలు వెళ్ళి జనాన్ని తెచ్చేయి. సాయంత్రానికి ఆ లంకలో ఇళ్ళ చూరులే కనపడ్డాయి.

అప్పట్నుంచి ప్రతి కార్డు నెత్తినా చూసిన వేళ రాసేవారు. ఇంట్లో పాల చీటీ మీద కూడా. నేను నవ్వేదాన్ని.

ఉత్తరం నెత్తిన ఉంది: ఆదివారం, సాయంత్రం నాలుగు. టెలిగ్రాము సోమవారం సాయంత్రం ఆరింటికి కొట్టింది.

ఉత్తరాన్ని మడిచి టెలిగ్రాము కింద పెట్టేను. సంచీ కోసం లోపలికెళితే, మార్తమ్మ గారు చారుకి చింతపండు నానబెడుతున్నారు.